ఆకివీడు అబ్బాయి నేర్పిన ఆట

పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళు పళ్ళు తెస్తారు, పూలు తెస్తారు, స్వీటు ప్యాకెట్టు తెస్తారు. ఆకివీడు అబ్బాయి వాటితో పాటు ఒక పెట్టె కూడా తెచ్చాడు. నల్లగా, చేతిపిడితో, ఆడిటర్లు పట్టుకొచ్చే బ్రీఫ్‌కేసులా ఉంది. మా అమ్మ దాన్ని చూసి వాళ్ళ చేపల చెరువుల దస్తావేజులు అనుకుందట. "ఇప్పుడే కాగితాల దాకా ఎందుకండీ" అందామనుకుందట కూడా. నయం, అనలేదు.

తాడేపల్లిగూడెంలో మా ఇంటి హాలు చిన్నది. రెండు వైపుల పెద్దవాళ్ళూ కూర్చునేసరికి నిండిపోయింది. అబ్బాయి ఏమీ మాట్లాడకపోవడం చూసి వాళ్ళమ్మగారే అందుకున్నారు. "మావాడు చేపల చెరువుల మీద పెరిగాడండి. చేపలతో ఉండి ఉండి వీడూ అలాగే అయిపోయాడు. నోరు తెరుస్తాడు గాని మాట బయటికి రాదు." అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఇటు మా అమ్మ ఊరుకుంటుందా, "మా పిల్ల నోరు కూడా తెరవదండి" అంది. "ఆఫీసు నుంచి రావడం, పుస్తకం పట్టుకుని మూల కూర్చోవడం. అన్నానికి పిలిస్తే రెండోసారికి గాని వినపడదు."

ఆ తర్వాత మమ్మల్నిద్దర్నీ మాట్లాడుకోమని వెనక వరండాలోకి పంపారు. కాసేపు ఇద్దరం పెరట్లో ఆరేసిన బట్టల వంక చూశాం. అందులో మా నాన్న బనియన్లు ఉన్నాయి. వాటిని తీసేస్తే బాగుండేదని నేను అనుకుంటుండగా అతను పెట్టె తెరిచాడు.

"మాట్లాడటం కష్టంగా ఉంటే, ఆడుకుందామాండి?" అన్నాడు.

పెట్టె రెండుగా తెరుచుకుని బల్లలా పరుచుకుంది. లోపల ఇటు పన్నెండు, అటు పన్నెండు సన్నటి ముక్కోణాలు, ఒకటి విడిచి ఒకటి రంగు మారుతూ. మధ్యలో అడ్డంగా చెక్క పట్టీ. గుండ్రటి కాయలు తెల్లవి పదిహేను, ఎర్రవి పదిహేను. దీన్ని బ్యాక్‌గామన్ అంటారని, చెరువు గట్టు మీద కూర్చుని ఫోన్లో చూసి నేర్చుకున్నానని చెప్పాడు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ ఒక మనిషి అక్కడ కాపు ఉండాలట. ఆగిపోతే చేపలు పైకి తేలతాయి. మోటారు శబ్దం వింటూ కూర్చోవడం తప్ప వేరే పనుండదు.

"నా కాయలు ఇలా వస్తాయండి. మీవి నాకు ఎదురు వస్తాయి. రెండు పాచికలు. దీనికి పడ్డంత ఒక కాయ, దానికి పడ్డంత ఇంకో కాయ. లేదంటే రెండూ ఒకే కాయతో నడవొచ్చు. రెండింటికీ ఒకే అంకె పడితే, ఆ అంకె నాలుగుసార్లు నడవాలి."

మాట రాదన్న మనిషి ఆట గురించి ఆపకుండా చెప్పాడు. రెండు కాయలు ఒకచోట కూర్చుంటే ఆ చోటు వాళ్ళది, ఎదుటివాళ్ళు దిగకూడదు. ఒక్కటే ఉంటే దాన్ని కొట్టొచ్చు. దెబ్బ తిన్న కాయ మధ్య పట్టీ మీదికి పోతుంది. అది మళ్ళీ ఎదుటివాళ్ళ ఇంట్లోంచి మొదలుపెట్టి రావాలి. అది బోర్డు మీదికి దిగేదాకా మిగతావేవీ కదపకూడదు. ఎవరి చివరి ఆరు గడులు వాళ్ళ ఇల్లు. అన్ని కాయలూ ఇల్లు చేరాక ఒక్కొక్కటే బయటికి తీసేయాలి. ముందు ఎవరివి అయిపోతే వాళ్ళు గెలిచినట్టు.

వింటుంటే నాకిది కొత్తగా అనిపించలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మా అమ్మమ్మగారింట్లో గచ్చు మీద సుద్దముక్కతో గడులు గీసి గవ్వలతో అష్టాచెమ్మా ఆడినదాన్ని. కొట్టడమంటే మా చంపడం. బయటికి తీయడమంటే మా కాయ పండటం. అన్నీ మనసులో అటు నుంచి ఇటు మార్చుకున్నాను. అలా మార్చుకునే ఊపులో నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒక్క కాయనైనా చంపందే మన కాయలు ఇంట్లోకి పోకూడదు కదండి?"

అతను పాచికలు చేతిలో పట్టుకుని కాస్త ఆగాడు. "అవునండి. పోకూడదు," అన్నాడు.

ఆట సగంలో ఉండగా హాల్లోంచి పిలిచారు. వాళ్ళు వెళ్ళాక అమ్మ నా పక్కన కూర్చుంది.

"ఎలా ఉన్నాడే?"

"బాగానే ఉన్నాడు."

"బాగానే అంటే? అవుననా, కాదనా?"

"ఇంకొంచెం చూడాలి."

నేను చూడాలన్నది ఆట. నా ఎర్ర కాయలు రెండు వెనకబడిపోయాయి, వాటిని ఎలా తేవాలా అన్నదే నా బుర్రలో తిరుగుతోంది. పెళ్ళి సంగతి అప్పటికే తేలిపోయింది. అతను వరండా మెట్లు దిగి చెప్పులు వేసుకుంటున్నప్పుడే నాకు తెలుసు, ఈ మనిషి ఇంటికి నేను వెళ్ళనని. ఎందుకని అడిగితే చెప్పలేను. అతనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మర్యాద తెలిసినవాడు, పనిమంతుడు. కానీ అతన్ని తలుచుకుంటే నాకు బోర్డు కళ్ళ ముందు కనిపించింది, మనిషి కనిపించలేదు. ఆ మాట ఆ రోజే అమ్మతో అనాల్సింది. అనకుండా "చూడాలి" అన్నాను. దాన్ని అటువైపు వాళ్ళు ఆశగా తీసుకున్నారు. తీసుకోరా మరి.

మా ఆఫీసు ఏలూరులో. రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. శనివారం ఒంటిపూటే. అతని అక్కగారిల్లు కూడా ఏలూరులోనే, పవర్‌పేట స్టేషన్‌కి దగ్గర. శనివారాలు అతను ఆకివీడు నుంచి అక్కగారికి చేపలు తెచ్చి ఇస్తాడు. ఇంకేం, "పిల్లలిద్దరూ మా ఇంట్లో మాట్లాడుకోనివ్వండి, నేనుంటాగా" అని ఆవిడ మా అమ్మకు ఫోన్ చేశారు. అమ్మ నన్నడిగితే ఊఁ అన్నాను. అంత తేలిగ్గా ఊఁ అన్నందుకు అమ్మ ఆశ్చర్యపోయింది. సంతోషించింది కూడా.

అక్కగారు మనిషి ఎంత ధాటిగా ఉంటారో, చేతులు అంత మెత్తన. బొచ్చె చేప కడుగుతూ వంటింట్లోంచే మమ్మల్ని పలకరించేవారు.

"ఏరా, అమ్మాయిని అడగాల్సింది అడిగావా?"

"అడిగానక్కా."

"ఏమడిగావు?"

"ముందు పాచిక మీరు వేస్తారా, నేను వేయనా అని."

"నీ మొహం. ఇలాగైతే షష్టిపూర్తికి అడుగుతావు అసలు సంగతి."

అతను తలొంచుకుని కాయలు పేర్చేవాడు. నేనూ తలొంచుకునే ఉండేదాన్ని, కానీ సిగ్గుతో కాదు. ఈసారి మొదటి ఎత్తులోనే ఐదో గడిలో జంట కట్టాలని ఆలోచిస్తూ.

నాకు ఆట త్వరగానే వచ్చింది. ఒంటికాయను వదలడం ఎక్కడ ప్రమాదమో, ఎక్కడ కాదో పట్టుకున్నాను. అయితే ముందు ఎవర్నో ఒకర్ని చంపాలి కాబట్టి ఆట మొదట్నుంచీ అతని కాయల వెంటబడేదాన్ని. ఒక్కోసారి ఆట చివరికొస్తున్నా చంపడం కుదిరేది కాదు. సరిగ్గా అప్పుడు అతను నా దారికి ఎదురుగా ఉన్న జంటను విడదీసి, ఒక కాయను ఒంటిగా వదిలేవాడు. ఇంత తెలిసినవాడు అంత చిన్న తప్పు ఎలా చేస్తాడా అనుకునేదాన్ని. కొట్టేసి నవ్వేదాన్ని. నా నవ్వుకు వంటింట్లో గరిటె చప్పుడు ఆగేది.

వచ్చేటప్పుడు అక్కగారు స్టీలు గిన్నెలో పులుసు కట్టి ఇచ్చేవారు. మా ఇంట్లో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపరు. అమ్మ ఆ గిన్నె తోమి, ఒకసారి సున్నుండలు, ఒకసారి కందిపొడి పెట్టి శనివారం నా సంచిలో సర్దేది. సున్నుండలు పంపిన వారం అక్కగారు మూత తీసి చూసి, "మీ అమ్మగారు స్వీటు పంపారంటే ఇంక నేను అడగక్కర్లేదు" అన్నారు.

"గిన్నె ఖాళీగా పంపకూడదని..." అన్నాను.

"అదేలే," అన్నారు ఆవిడ నవ్వుతూ.

మిగతా మాట నేను అనలేదు. అంటే ఆ రోజుతో ఆట అయిపోతుంది.

ఒక శనివారం భోజనాలయ్యాక ఆవిడ కడుగుతుంటే నేను కంచాలు తుడుస్తున్నాను. అతను బయట బండి దగ్గర ఉన్నాడు. అక్కగారు గొంతు తగ్గించారు.

"నీతో ఒక మాటమ్మా. అత్తిలి నుంచి ఒక సంబంధం వచ్చింది. నీకంటే ముందే వచ్చింది. పిల్ల టీచరు, మావాడిని ఒక పెళ్ళిలో చూసిందట, తనే ఇష్టపడి చెప్పించింది. వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. మావాడేమో ఆగమంటున్నాడు. నీ నోటితో నువ్వు ఏదో ఒకటి చెప్పందే ఇంకో ఇంటి గడప తొక్కనంటాడు. ఆడపిల్లవాళ్ళు ఎన్నాళ్ళని ఆగుతారు, నువ్వే చెప్పు."

"నిజమేనండి," అన్నాను.

"తొందరపెట్టడం లేదు. నీ మనసులో ఉంటే చాలు."

ఆవిడ నా చేతిలో కంచం తీసుకుని, తడి మిగిలిందేమో చూసి, మళ్ళీ తుడిచి బోర్లించారు. అప్పుడైనా చెప్పొచ్చు. వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం. అతని ముఖం చూడకుండా చెప్పే అవకాశం అంతకంటే ఉండదు. బయట బండి స్టాండు వేసిన చప్పుడైంది. అతను లోపలికొచ్చి, "ఇంకో ఆటకి టైముందాండి? మీ రైలెన్నింటికి?" అన్నాడు. ఉందన్నాను. ఆ ఆట నేనే గెలిచాను.

ఆ రాత్రి ఇదంతా రాద్దామని డైరీ తెరిచి, రాయకుండానే మూసేశాను.

తర్వాతి వారం రైల్లో కూర్చుని ఆడుకోవడానికి ఫోన్లో ఆ ఆట వేసుకున్నాను. అవతల ఆడేది యంత్రమే. ఆ ఆటలో అది నా కాయను ఒక్కదాన్నీ కొట్టలేదు. కొట్టకుండానే తన కాయలన్నీ ఇంట్లోకి తీసుకుపోయి బయటికి తీయడం మొదలుపెట్టింది. ఇదేదో తప్పుడు ఆట అనుకుని దాన్ని తీసేసి ఇంకోటి వేసుకున్నాను. అదీ అంతే. అప్పుడు నియమాలు తెరిచి చదివాను. కొట్టొచ్చు, కొట్టకపోవచ్చు. ఇంట్లోకి పోవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. మళ్ళీ మొదట్నుంచీ చదివాను.

కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను గానీ ఏ స్టేషన్ దాటామో తెలియలేదు. ఆ నియమం నా అష్టాచెమ్మాది. నేను అడిగితే అతను అవునన్నాడు. అవునన్న పాపానికి ప్రతి శనివారం దానికి కట్టుబడి ఆడాడు. నేను ఇంటికి పోలేక చిక్కుకున్నప్పుడల్లా జంట విడదీసి ఒక కాయను నా ముందు పెట్టాడు. నేను దాన్ని కొట్టి నవ్వాను. ఆ నవ్వు చూసి అతను ఏమనుకుని ఉంటాడో ఇప్పుడు ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. అవతల అత్తిలిలో ఒక అమ్మాయి, నేను ఎన్నడూ చూడని అమ్మాయి, నేను పాచికలు విసురుకుంటున్నంతసేపూ కాచుకుని ఉంది.

శనివారం వెళ్ళేసరికి అతను అప్పటికే కాయలు పేర్చి ఉంచాడు. కూర్చున్నాను. పాచికలు నా వైపు జరిపాడు. తీసుకోలేదు.

"చంపకపోయినా ఇంట్లోకి పోవచ్చు కదండి," అన్నాను.

అతను బోర్డు వైపే చూస్తూ, "పోవచ్చండి," అన్నాడు.

"మరి ఆ రోజు అవునన్నారు."

"ఆ రోజు మీరు నాతో అన్నది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా కాదంటే మళ్ళీ మాట్లాడరేమో అనిపించింది. తర్వాత చెబుదామనుకున్నాను. ఈలోగా మీరు బాగా కొట్టడం నేర్చుకున్నారు." కొంచెం నవ్వాడు. "చెప్పాలనిపించలేదు."

వంటింట్లో పోపు వేసిన చప్పుడు. దాని కింద నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"నాకు ఈ పెళ్ళి వద్దండి."

అతను చివర ఉన్న ఒక తెల్ల కాయను వరసలోకి సర్దాడు. అది సర్దే ఉంది.

"నా వల్ల ఏమన్నా..."

"లేదండి. మీరేం చేయలేదు."

"ఎప్పటి నుంచి అనుకుంటున్నారండి?"

ఈ ప్రశ్న వస్తుందని నేను ఎందుకో అనుకోలేదు. ఈ మధ్యనే అని చెప్పొచ్చు. చెబితే అతనికీ నయంగా ఉండేది, నాకూ ఉండేది. కానీ ఇన్నాళ్ళూ అబద్ధం నడిపిన దగ్గర ఇంకోటి పెట్టడానికి నోరు రాలేదు.

"మొదటి రోజు నుంచీ."

"మరి ఇన్ని శనివారాలు వచ్చారు కదండి."

"ఆట బాగుందండి," అన్నాను.

అన్నాక ఆ మాట ఎలా ఉందో విన్నాను. అతను తల ఎత్తి నన్ను చూశాడు. అంతకాలంలో నా ముఖంలోకి అంత సూటిగా చూసింది అదే. కోపం ఉందేమోనని వెతికాను. లేదు. చెరువు గట్టు మీద మోటారు శబ్దం మారితే ఇలాగే వింటాడేమో అనిపించింది, ఎక్కడ ఆగిందా అని.

"అయితే నేర్పడం బాగానే నేర్పానన్నమాట," అన్నాడు.

నేను లేవబోయాను. "కూర్చోండి," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు లేస్తే అక్క గరిటె పట్టుకుని వచ్చేస్తుంది. భోజనాల దాకా ఆడదాం. అక్కకు నేను చెప్పుకుంటాను."

ఆడాం. అతను నిజంగా ఆడటం నేను మొదటిసారి చూశాను. ఎక్కడా ఒంటికాయ లేదు. ఏ కాయను ఎందుకు జరిపాడో నాకు రెండెత్తుల తర్వాత గాని అర్థం కాలేదు. నేను ఒకచోట ఒకదాన్ని వదలాల్సి వస్తే వెంటనే కొట్టి పట్టీ మీద పెట్టాడు. తర్వాత తన ఇంట్లో ఆరు గడులూ జంటలతో మూసేశాడు. నా కాయ దిగడానికి చోటు లేదు. నేను పాచిక వేసినా లాభం లేదు.

"మీకు ఎత్తు లేదండి," అన్నాడు.

ఆ తర్వాత అతనొక్కడే వేస్తూ పోయాడు. వేయడం, జరపడం, మళ్ళీ వేయడం. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను ఎవరితో ఆడానో, నన్ను ఎంత జాగ్రత్తగా గెలిపించారో అంతా అక్కడ పరిచి ఉంది. చూస్తూ కూర్చోవడం తప్ప నాకు పని లేదు. అతని కాయలు ఒక్కొక్కటే బయటికి వెళ్ళిపోయాయి.

తర్వాత అతను వంటింట్లోకి వెళ్ళాడు. మాటలు వినపడలేదు గాని, "నాకూ కుదరదనిపించిందక్కా" అన్నది మాత్రం వినపడింది. అక్కగారు నమ్మి ఉండరు. బయటికి వచ్చి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "లేమ్మా, వడ్డించేశాను," అన్నారు. నేను వెళ్ళిపోతానన్నాను. "తిని వెళ్ళు. అన్నం వేళకి ఇంట్లోంచి ఆకలితో పంపే అలవాటు మాకు లేదు." తిన్నాను. పక్కన నిలబడి, "ముళ్ళు చూసుకో," అన్నారు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ తిట్టలేదు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. నియమం సంగతీ, అత్తిలి సంగతీ కూడా. అమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుని, "వద్దనడం తప్పు కాదే. ఆ మొదటి రోజే అనుంటే ఇద్దరం కలిసి అనేవాళ్ళం," అంది. కాసేపటికి, "సున్నుండలు కూడా చేసి పంపాను," అంది.

వాళ్ళు అత్తిలికి కబురు పెట్టేసరికి ఆలస్యమైపోయింది. ఆ టీచరమ్మాయికి వేరేచోట ఖాయం చేసేశారట. అమ్మకు ఎవరో ఫోన్లో చెబితే, ఆ మాట నాతో చెప్పాలా వద్దా అని ఆలోచించి, రెండు రోజులాగి చెప్పింది. నేను క్షమించమని అతనికి మెసేజ్ పెడదామని రాసుకుని, చెరిపేసి, మళ్ళీ రాసుకుని పంపాను. "పర్వాలేదండి. ఈ వారం చేపల పట్టుబడి ఉంది, చెరువు దగ్గర పనిలో ఉన్నాను," అని జవాబొచ్చింది. అంతే.

ఆకివీడు వాళ్ళు ఇంకా సంబంధాలు చూస్తూనే ఉన్నారని వింటుంటాను. అత్తిలి తర్వాత మరెక్కడో చూశారట, జాతకాలు కలవలేదట. ఇంకోచోట అమ్మాయి చెరువుల దగ్గర ఉండనందట. ఎవరి ఫోనైనా వచ్చి ఆకివీడు మాట వినపడితే చాలు, చేతిలో పుస్తకం పక్కన పెట్టి వంటింటి గుమ్మం దాకా వెళ్ళిపోతాను.

"కుదిరిందా?" అని అడుగుతాను.

మొన్నటిసారి అమ్మ ఫోన్ పెట్టేసి నా వంక చూసింది. "నీకెందుకే అంత తొందర? వద్దన్నావుగా."

అతనికి మంచి పిల్ల రావాలని కోరుకుంటున్నాను, అది నిజమే. ఆ కోరికలో సగం నా కోసమని కూడా నాకు తెలుసు. అతనికి కుదిరితే నాకు ఈ బరువు దిగుతుంది. ఇప్పుడు కూడా అతని సంగతి నాకు పనికొచ్చేదిగానే చూస్తున్నానన్నమాట. అమ్మకు ఇదంతా ఎలా చెప్పను. "ఊరికే అడిగానమ్మా," అన్నాను.

"కుదరలేదు," అంది అమ్మ, పొయ్యి వైపు తిరుగుతూ.